ఏ డిస్కు కావాలో ముందు తేల్చుకోండి, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత

ప్రశ్న: మాది రాజమండ్రి. బ్యాంకులో పని చేస్తాను. మా అమ్మకు 80 ఏళ్లు, మండపేట దగ్గర పల్లెలో ఉంటుంది. స్మార్ట్‌ఫోన్ వాడదు. కానీ డీవీడీ ప్లేయర్లో డిస్కు పెట్టుకుని చూడడం, వినడం బాగా అలవాటు. పోయిన సంక్రాంతికి అమ్మ చేత మంగళహారతులు, పెళ్లిపాటలు కలిపి 34 పాటలు పాడించి ఫోన్లో రికార్డు చేశాను. మొత్తం రెండున్నర గంటలు వచ్చాయి. అన్నయ్య షష్టిపూర్తి వీడియో కూడా ఉంది. అది గంటా యాభై నిమిషాల ఎంపీ4 ఫైలు, 4.5 జీబీ అని చూపిస్తోంది. పాటలు మా పాత కారు సీడీ ప్లేయర్లోనూ, అమ్మ దగ్గరా వినాలి. వీడియో అమ్మ ఇంట్లో టీవీలో చూడాలి. చుట్టాలకు ఒక డజను కాపీలు ఇవ్వాలి, డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి ఒకటి పంపాలి. మా ఇంట్లో విండోస్ 10 కంప్యూటర్, అందులో డీవీడీ రైటర్ ఉన్నాయి. ఇప్పటికే నాలుగు డిస్కులు పాడయ్యాయి. పాటల సీడీ కంప్యూటర్లో పాడుతోంది, కారులో పాడడం లేదు. వీడియోను 4.7 జీబీ డీవీడీలో వేయబోతే పట్టదంటోంది. ఎలాగో సైజు తగ్గించి వేస్తే అమ్మ ప్లేయర్ తీసుకోలేదు. కంప్యూటర్ షాపతను డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్ ‘నీరో ఫుల్ వెర్షన్’ అని పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆపేయమన్నాడు. భయమేసి ఆగిపోయాను. డబ్బు పెట్టి కొనాలా, ఉచితంగా మంచివి ఉన్నాయా? పాటకూ పాటకూ మధ్య అమ్మ మాట్లాడిన మాటలు కట్ చేసే సౌకర్యం కూడా ఉండాలి.
— ఒక పాఠకురాలు, రాజమండ్రి

సమాధానం: యాంటీవైరస్ ఆపమన్నప్పుడు ఆగిపోయారు చూడండి, అది చాలా మంచి పని. డబ్బు కట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌కు తాళం పగలగొట్టి పంచే కాపీల్లో ఆ తాళం పగలగొట్టే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. దాంతోపాటు ఇంకేం ఉందో ఇచ్చినవాడికీ తెలియదు. అదే కంప్యూటర్లో మీరు నెట్ బ్యాంకింగ్ కూడా చేస్తుంటారు కదా. ఆ ఫోల్డర్‌ను తీసేయండి. పెన్‌డ్రైవ్ ఒకసారి పెట్టారు కాబట్టి విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి ఫుల్ స్కాన్ చేయించండి. ఈ పని చేశాకే మిగతాది మొదలుపెట్టండి.

ఇక అసలు విషయం. మీ నాలుగు డిస్కులు పాడవడానికి సాఫ్ట్‌వేర్ కారణం కాదు, మీ తప్పు అంతకన్నా కాదు. నీరో కొని వేసినా అవి అలాగే పాడయ్యేవి. డిస్కు అనగానే మనం ఒకటే వస్తువు అనుకుంటాం. కానీ అదే ఖాళీ డిస్కు మీద మూడు రకాలుగా రాయవచ్చు. ఫైళ్లను ఫైళ్లుగానే పెడితే అది డేటా డిస్కు. పాటలను సీడీ ప్లేయర్‌కు అర్థమయ్యే పద్ధతిలో రాస్తే ఆడియో సీడీ. వీడియోను డీవీడీ ప్లేయర్‌కు అర్థమయ్యే పద్ధతిలోకి మార్చి రాస్తే డీవీడీ వీడియో. కంప్యూటర్ మూడింటినీ చదువుతుంది కాబట్టి ఇంట్లో పెట్టి చూసినప్పుడు అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. కారు ప్లేయర్, అమ్మగారి డీవీడీ ప్లేయర్ అలా కాదు. వాటికి తెలిసిన పద్ధతిలో ఉంటేనే పాడతాయి. మీరు వేసిన నాలుగూ డేటా డిస్కులే అయి ఉంటాయని నా నమ్మకం.

ఇక్కడ విండోస్ అడిగే ఒక ప్రశ్న చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. ఖాళీ డిస్కు పెట్టగానే దీన్ని ఎలా వాడతారు అని రెండు దారులు చూపిస్తుంది. ఒకటి ‘లైక్ ఎ యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్’, రెండోది ‘విత్ ఎ సీడీ/డీవీడీ ప్లేయర్’. మొదటిది ఎంచుకుంటే పెన్‌డ్రైవ్‌లో లాగా ఫైళ్లు వేసుకుంటూ, తీసేస్తూ ఉండవచ్చు. కానీ ఆ డిస్కును కంప్యూటర్లు తప్ప ఇంకేవీ సరిగా గుర్తుపట్టవు. మీ పాటల సీడీకి జరిగింది ఇదే అయి ఉండాలి. రెండోదాని పేరు చూస్తే ప్లేయర్లో పాడేస్తుందని అనిపిస్తుంది. అనిపించడం సహజం. కానీ అదీ డేటా డిస్కే. పాత ప్లేయర్లు కూడా చదవగలిగే పద్ధతిలో ఫైళ్లను పెడుతుంది, అంతే. ఎంపీ3 చదవగల ప్లేయర్ అయితే అందులోని పాటలు పాడుతుంది. మామూలు సీడీ ప్లేయర్ అయితే పాడదు. ఫోన్ వీడియోనో, వీడియోగ్రాఫర్ ఇచ్చిన ఎంపీ4నో అలా వేస్తే పాత డీవీడీ ప్లేయర్ దాన్ని ముట్టుకోదు.

అందుకని సాఫ్ట్‌వేర్ వెతికే ముందు రెండు ప్లేయర్లనూ ఒకసారి చూసి రండి. కారు ప్లేయర్ ముందు పలక మీద ఎంపీ3 అన్న అక్షరాలు ఉన్నాయా? ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. 34 పాటలనూ ఎంపీ3 చేసి ఒకే డేటా సీడీలో పెట్టేయవచ్చు. 700 ఎంబీ సీడీలో మామూలు నాణ్యతతో, అంటే 128 కేబీపీఎస్‌తో, పన్నెండు గంటలకు పైగా పాటలు పడతాయి. ఆ అక్షరాలు లేకపోతే ఆడియో సీడీయే దారి. అమ్మగారి డీవీడీ ప్లేయర్‌కు ముందువైపు పెన్‌డ్రైవ్ పెట్టే చోటు ఉందేమో కూడా చూడండి. కానీ ఉన్నా మీ ఎంపీ4 అందులో ఆడుతుందని ఆశ పెట్టుకోవద్దు. పాత ప్లేయర్లు ఇప్పటి ఫోన్లు, కెమెరాలు తీసే వీడియో పద్ధతి రాకముందువి.

ఆడియో సీడీ గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది అమ్మగారి గొంతు. ఆడియో సీడీ ఎలా ఉండాలో ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి 1980లోనే నిర్ణయించాయి. ఆ నియమాల పుస్తకాన్ని రెడ్ బుక్ అంటారు. ఇప్పటికీ అదే నడుస్తోంది. ఇందులో ఎంబీల లెక్క ఉండదు, నిమిషాల లెక్కే. సీడీ మీద 80 నిమిషాలు అని రాసి ఉంటే 80 నిమిషాలే పడుతుంది. మీ ఎంపీ3 ఎంత చిన్నదైనా సరే, రాసేటప్పుడు దాన్ని విప్పి పూర్తి శబ్దంగా మారుస్తుంది. నిమిషానికి సుమారు 10 ఎంబీ అవుతుంది. మీ పాటలు 150 నిమిషాలు. కాబట్టి రెండు సీడీలు కావాలి. మంగళహారతులు ఒకదానిలో, పెళ్లిపాటలు మరోదానిలో పెడితే అమ్మగారికీ వెతుక్కునే పని ఉండదు. ఏ సీడీ అయినా 80 నిమిషాలు దాటకుండా మాత్రం ముందే కూడి చూసుకోండి. సాఫ్ట్‌వేర్ కూడా కింద ఒక గీత మీద ఎంత నిండిందో చూపిస్తూ ఉంటుంది.

ఈ పనికి నేను మీకు చెప్పేది సీడీబర్నర్ ఎక్స్‌పీ. ఉచితం. పేరులో ఎక్స్‌పీ ఉంది కదా, విండోస్ ఎక్స్‌పీలోనే పని చేస్తుందేమో అని సందేహం పెట్టుకోకండి. విండోస్ 10లోనూ పని చేస్తుంది. తెరవగానే డేటా డిస్కా, ఆడియో డిస్కా, ఉన్న డిస్కుకు కాపీ తీయాలా అని మొదట్లోనే అడుగుతుంది. మీలాంటి ఇబ్బంది పడినవాళ్లకు ఆ మొదటి ప్రశ్నే పెద్ద సాయం. పాటల మధ్య రెండు సెకన్ల ఖాళీ పెట్టుకోవచ్చు, ఖాళీ లేకుండానూ రాయవచ్చు. ఒక పాట ఆగి ఇంకో పాట మొదలయ్యే చోట ఖాళీ బాగుంటుంది. ఒకే పాటను రెండు ముక్కలుగా రికార్డు చేసి ఉంటే మాత్రం మధ్యలో ఆ రెండు సెకన్లు గొంతు తెగినట్టు వినిపిస్తాయి.

ఫోన్ రికార్డింగులు చాలావరకు ఎం4ఏ అనే రకం ఫైళ్లుగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని తీసుకోకపోతే కంగారు పడొద్దు. వీఎల్‌సీ ప్లేయర్లో మీడియా మెనూ కింద ‘కన్వర్ట్/సేవ్’ అని ఉంటుంది. దాంతో డబ్ల్యూఏవీ రకానికి మార్చి ఇవ్వండి. ఇంకా ఒక మాట. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు గదుల్లో రికార్డు చేసి ఉంటే ఒక పాట గట్టిగా, ఒకటి సన్నగా వస్తుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ డబ్ల్యూఏవీ ఫైళ్లు తెరిచి ‘లౌడ్‌నెస్ నార్మలైజేషన్’ చేస్తే అన్నీ దాదాపు ఒకే స్థాయికి వస్తాయి. కారులో వెళ్తూ ప్రతి పాటకూ వాల్యూమ్ తిప్పుకోనక్కర్లేదు.

వీడియో దగ్గరికి వద్దాం. 4.7 జీబీ డిస్కులో 4.5 జీబీ ఫైలు ఎందుకు పట్టలేదన్నది న్యాయమైన ప్రశ్న. డిస్కు తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారు. వాళ్లకు ఒక జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. ఆ లెక్కలో 4.7 జీబీ డిస్కు సుమారు 4.38 దగ్గరే ఆగిపోతుంది. అంటే మీ ఫైలు నిజంగానే డిస్కు కన్నా పెద్దది. ఎవరూ మోసం చేయలేదు, రెండు కొలమానాలు వేరు, అంతే. కానీ డీవీడీ వీడియో చేసేటప్పుడు ఈ లెక్కే అక్కర్లేదు. ఎందుకంటే మీ ఎంపీ4ను అలాగే పెట్టరు, దాన్ని ఎంపెగ్-2 అనే పాత పద్ధతిలోకి పూర్తిగా మార్చి రాస్తారు. అప్పుడు చూడాల్సింది ఎన్ని నిమిషాలన్నదే. రెండు గంటల వరకు ఒక్క డిస్కులో మంచి నాణ్యతతో వస్తుంది. మీది గంటా యాభై నిమిషాలే కాబట్టి హాయిగా సరిపోతుంది. నాలుగు గంటల పెళ్లిని ఒకే డిస్కులో కుక్కితే మాత్రం కదిలే మనుషుల చుట్టూ గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. అలాంటప్పుడు రెండు డిస్కులు చేయాలి.

ఈ మార్పిడి పని, డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి రాదు. దానికి వేరే రకం సాఫ్ట్‌వేర్ కావాలి. దీన్ని డీవీడీ ఆథరింగ్ అంటారు. విండోస్ 7లో డీవీడీ మేకర్ అని ఒకటి ఇచ్చేవారు, విండోస్ 8 నుంచి తీసేశారు. ఇప్పుడు ఇంట్లో వాడుకోవడానికి డీవీడీ స్టైలర్ సరిపోతుంది. ఉచితం, ఓపెన్ సోర్స్. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టగానే డిస్కు 4.7 జీబీ అని, వీడియో ఫార్మాట్ పాల్ అని, ఆకారం 16:9 అని ఎంచుకోండి. పాల్ అన్నది మన దేశపు టీవీ పద్ధతి. దాన్ని మర్చిపోవద్దు. వీడియోను లాగి కింద వదలండి. అందమైన మెనూ పెట్టుకునే వీలుంది. కానీ అమ్మగారి కోసం చేసే డిస్కుకు మెనూ వద్దని నా సలహా. డిస్కు పెట్టగానే నేరుగా వీడియో మొదలైతే రిమోట్‌తో కుస్తీ ఉండదు. బదులుగా పది నిమిషాలకొక చాప్టర్ పెట్టండి. ‘నెక్స్ట్’ బటన్ నొక్కితే ముందుకు వెళ్లడం ఆవిడకు తెలిసిన పనే.

చివర్లో నేరుగా డిస్కు రాయమని కాకుండా, ఐఎస్ఓ ఇమేజ్ తయారు చేయమని చెప్పండి. ఐఎస్ఓ అంటే డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చుట్టి పెట్టడం. మార్చడానికి కంప్యూటర్‌ను బట్టి గంటో, రెండు గంటలో పడుతుంది. ఆ పని ఒక్కసారే చేస్తే చాలు. తర్వాత మీకు కావలసిన డజను కాపీలూ ఆ ఐఎస్ఓ నుంచే తీయవచ్చు. వచ్చే ఏడాది ఎవరైనా అడిగినా మళ్లీ మొదటి నుంచి చేయనక్కర్లేదు.

అమ్మగారి టీవీ పాత డబ్బా టీవీ అయితే, మనుషులు సన్నగా పొడుగ్గా సాగినట్టు కనిపించవచ్చు. డిస్కు తప్పుగా వచ్చిందని ఇంకోటి వేయకండి. ప్లేయర్ రిమోట్‌లో సెటప్ నొక్కి, టీవీ ఆకారాన్ని 4:3 లెటర్‌బాక్స్‌గా మార్చండి. పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి బొమ్మ సరిపోతుంది.

ఐఎస్ఓ రాయడానికి విండోస్ 7 నుంచి విండోస్‌లోనే సదుపాయం ఉంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే ‘బర్న్ డిస్క్ ఇమేజ్’ అని వస్తుంది. రెండు మూడు డిస్కులకు అదే చాలు, ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. మీకు డజను కావాలి కాబట్టి ఇమ్‌గ్‌బర్న్ వాడితే సుఖం. ఇమేజ్ అన్న మాటను ఐ, ఎం, జీ అన్న మూడు అక్షరాలకు కుదించి పక్కన బర్న్ చేర్చారు. వెతికేటప్పుడు అలాగే టైప్ చేయండి. ఎన్ని కాపీలు కావాలో ముందే చెబితే ఒక్కొక్కటీ రాసి, సరిచూసి, తర్వాతి డిస్కు అడుగుతుంది. దాని చివరి వెర్షన్ 2013లో వచ్చింది. అంత పాతది వాడొచ్చా అని మీకు అనుమానం రావచ్చు. వాడొచ్చు. సీడీ, డీవీడీ పద్ధతులు అప్పటికే స్థిరపడిపోయాయి, ఆ తర్వాత మారిందేమీ లేదు. కాకపోతే దాని ఇన్‌స్టాలర్‌తో కలిసి ప్రకటనల ప్రోగ్రాములు కూడా వచ్చేవి. కాబట్టి తయారీదారుల సొంత సైటుకే వెళ్లండి. ఆ పేజీలో కూడా పెద్ద పెద్ద పచ్చ బటన్లు కొన్ని ప్రకటనలే అయి ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘కస్టమ్’ ఎంచుకుని, అదనంగా ఏదైనా వేస్తామంటే టిక్కు తీసేయండి. తొందరపడి వరుసగా ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోవద్దు.

మూడు సాఫ్ట్‌వేర్లు ఎందుకు, ఒకదానితో సరిపెట్టలేమా అంటే, బర్న్‌అవేర్ ఫ్రీ అని ఒకటి ఉంది. డేటా, ఆడియో, ఐఎస్ఓ పనులు అన్నీ చేస్తుంది. డిస్కు నుంచి డిస్కుకు నేరుగా కాపీ తీయడం ఉచిత వెర్షన్లో ఉండదు. కానీ మీ దగ్గర ఐఎస్ఓ ఉంటుంది కాబట్టి ఆ లోటు మీకు తగలదు. వీడియోను మార్చడానికి మాత్రం డీవీడీ స్టైలర్ ఎలాగూ కావాలి. మీ ఇంట్లో ఎవరైనా లైనక్స్ వాడుతుంటే కె3బి గానీ, బ్రసేరో గానీ చాలు.

మరి నీరో? అది మంచి సాఫ్ట్‌వేరే. 1997 నుంచి ఉంది. రోమ్ తగలబడిన నాటి నీరో చక్రవర్తిని గుర్తుచేసేలా నీరో బర్నింగ్ రోమ్ అని పేరు పెట్టారు. అప్పట్లో కొత్త సీడీ రైటర్ కొంటే చాలావాటికి దాని చిన్న వెర్షన్ కలిపి ఇచ్చేవారు. నెట్ సెంటర్లో సీడీ రైట్ చేయించుకున్న మన తరానికి అందుకే ఆ పేరు తప్ప ఇంకోటి గుర్తురాదు. రోజూ డిస్కులు చేసి అమ్మే స్టూడియోవాళ్లు కొనుక్కుంటే అర్థముంది. మీ పనికి ఒక్క రూపాయి కూడా పెట్టనక్కర్లేదు. ఆ డబ్బుతో మంచి డిస్కులు కొనండి.

డిస్కుల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఇప్పుడు ఖాళీ డిస్కులు దొరకడమే తగ్గింది. మన దేశంలో పెద్దఎత్తున తయారుచేసిన మోజర్ బేర్ కంపెనీని మూసివేయాలని 2018లో ఆదేశాలు వచ్చాయి. షాపుల్లో ఏళ్ల తరబడి ఎండలో ఉన్న పాత సరుకు అంటగట్టే అవకాశం ఉంది. రాసే డిస్కులో ఒక రంగు పొర ఉంటుంది, లేజర్ దాన్ని మార్చడం ద్వారానే రాస్తుంది. వేడికి, ఎండకు ఆ పొర చెడుతుంది. సీల్ ఉన్న డబ్బా అడగండి. ముందు ఒక్కటి రాసి, కారులో, అమ్మగారి ప్లేయర్లో ఆడించి చూశాకే డజను మొదలుపెట్టండి. మళ్లీ మళ్లీ రాయగల ఆర్‌డబ్ల్యూ డిస్కు మీద పరీక్షిస్తే డిస్కు ఆదా అవుతుందని అనిపిస్తుంది గానీ, పాత కారు ప్లేయర్లు చాలావరకు వాటిని చదవలేవు. అది చదవకపోతే మీకు మళ్లీ టెన్షన్.

రాసే వేగం గురించి ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. మరీ తక్కువ వేగంలో రాస్తే బాగా వస్తుందన్నది ఇప్పటి డిస్కులకు నిజం కాదు, అవి ఎక్కువ వేగానికే తయారైనవి. అలాగని పూర్తి వేగమూ వద్దు. ఎక్స్ అంటే మామూలు వేగానికి ఎన్ని రెట్లు అని. 16ఎక్స్ డీవీడీని 8ఎక్స్‌లో రాయండి, ఎనిమిది తొమ్మిది నిమిషాలు పడుతుంది. ఆడియో సీడీని 16ఎక్స్‌లో రాయండి. ‘ఫైనలైజ్’, అంటే రాయడం పూర్తయిందని డిస్కును మూసేయడం, అన్న టిక్కు కనిపిస్తే తప్పక పెట్టండి. అది లేని డిస్కును ప్లేయర్లు గుర్తుపట్టకపోవచ్చు. రాస్తుండగా కరెంటు పోతే ఆ డిస్కు పోయినట్టే, కాబట్టి యూపీఎస్ ఉంటే అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

వీటన్నిటికన్నా ముఖ్యమైన టిక్కు ఇంకొకటి ఉంది, ‘వెరిఫై’. రాసిన తర్వాత డిస్కును మళ్లీ మొదటి నుంచి చదివి, కంప్యూటర్లో ఉన్నదానితో పోల్చి చూస్తుంది. రాసినంత సమయం మళ్లీ పడుతుంది కాబట్టి చాలామంది తీసేస్తారు. నేనూ ఒకప్పుడు తీసేసేవాణ్ణి. 2009లో మా అక్క కూతురి పెళ్లి ఫోటోలు, వీడియోలు ఆరు డీవీడీల్లో రాసి, హార్డ్ డిస్కులో చోటు లేదని అసలువి తుడిచేశాను. రెండేళ్ల తర్వాత వాళ్ల అత్తగారు పోయారు. ఆవిడ నవ్వుతూ ఉన్న ఫోటో కావాలంటే ఆ డిస్కులు బయటికి తీశాం. ఆరింటిలో నాలుగోది సగం దాకా చదివి ఆగిపోయింది. అప్పగింతల ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. తెలిసిన ప్రతి డ్రైవ్‌లో పెట్టి చూశాం, రాలేదు. డిస్కు తర్వాత పాడైందో, రాసినరోజే అలా ఉందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రోజు ఇంకో పదిహేను నిమిషాలు ఆగి సరిచూసి ఉంటే కనీసం అదైనా తెలిసేది. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను. అమ్మగారి పాటల ఫోన్ రికార్డింగులు, షష్టిపూర్తి ఎంపీ4 ఎట్టి పరిస్థితుల్లోనూ తుడవకండి. ఒక కాపీ కంప్యూటర్లో, ఒకటి బయటి హార్డ్ డిస్కులో, ఇంకొకటి అన్నయ్యగారి ఇంట్లో ఉంచండి. డీవీడీ వీడియోలో బొమ్మ 720×576 చుక్కలకు తగ్గిపోతుంది. అది అమ్మగారు చూడడానికి చేసిన కాపీ మాత్రమే. దాచుకోవాల్సింది అసలు ఫైలు.

దాచుకునే కాపీల్లో ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టాలనిపిస్తుంది. పెట్టండి, ఇప్పటి కంప్యూటర్లు చక్కగా చూపిస్తాయి. డేటా డిస్కులో వేసేటప్పుడు ఒక చిన్న ఇబ్బంది ఉంది. జోలియెట్ అనే పద్ధతిలో పేరు 64 అక్షరాలు దాటకూడదు. మనకు ‘శ్రీ’ ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు అది నాలుగు. ఒత్తులు, గుణింతాలు అన్నీ విడిగా లెక్కకొస్తాయి. పొడుగు పేరు పెడితే తోక తెగిపోతుంది. కారులో వాడే ఎంపీ3 సీడీకి మాత్రం ముందు 01, 02 అని అంకెలు వేసి, పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టండి. కారు తెర మీద తెలుగు రాదు, అంకెలు లేకపోతే వరుస తప్పుతుంది. ఆడియో సీడీలోకైతే ఫైలు పేర్లు అసలు వెళ్లవు. పాటల పట్టిక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కవరులో పెట్టండి. డిస్కు మీద రాయాలంటే మెత్తటి మార్కర్‌తోనే రాయండి, బాల్‌పెన్ వద్దు. సీడీలో పాట ఉన్న పొర పైవైపు, పేరు రాసే చోటుకు ఆనుకునే ఉంటుంది. అక్కడ గీత పడితే మళ్లీ బాగుచేయలేం. ఇంకో మాట, మన ఎండలకు ఆ సీడీని కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి.

డల్లాస్‌లోని తమ్ముడికి డిస్కు పంపొద్దు. అమెరికాలో టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. మన పాల్ డిస్కును అక్కడి ప్లేయర్లు చాలావరకు తీసుకోవు. ఆయనకు ఎంపీ4 ఫైలే ఆన్‌లైన్‌లో పంపండి, బొమ్మ కూడా డిస్కు కన్నా బాగుంటుంది.

ఇక అమ్మగారి మాటలు కట్ చేయడం గురించి. ఆడాసిటీలో ఆ పని తేలికే. ఎక్కడ కావాలంటే అక్కడ గుర్తు పెట్టి, ముక్కలుగా విడిగా సేవ్ చేసుకోవచ్చు. కానీ చేసేముందు ఒకసారి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ మాటలు వినండి. ఈ హారతి ఎవరు నేర్పారో, ఏ పాట ఎవరి పెళ్లిలో పాడారో, మధ్యలో చరణం మర్చిపోయి ఎవరిని అడిగారో అందులో ఉండే ఉంటుంది. ఆడియో సీడీలో 99 ట్రాకుల వరకు పెట్టవచ్చు. మీవి సీడీకి పదిహేడు పాటలే. ప్రతి పాట వెనకాల ఆవిడ మాటల్ని విడి ట్రాకుగా పెట్టండి. పాటే కావాలనుకున్నవాళ్లు ఒక బటన్ నొక్కి ముందుకు పోతారు. 80 నిమిషాలు దాటిపోతే మూడో సీడీ తీసుకోండి, మాటలు మాత్రం తీయకండి.